కట్టప్ప ఎందుకు చంపాడు? జవాబు తెలిసిన తరువాత...



ఈ నెల మా ముచ్చట ఒక తొమ్మిదేళ్ళ పాప అడిగిన ప్రశ్నతో మొదలుపెడుతున్నాము. 2025 అక్టోబరు 31న 'బాహుబలి' రెండు భాగాలనూ కుదించి, 'బాహుబలి: ది ఎపిక్' అనే పేరుతో ఒకే చిత్రంగా విడుదల చేశారు గదా. ఈ పాప తన తల్లిదండ్రులతో కలిసి ఆ చిత్రం చూసి వచ్చింది. ఆదివారం ఆరాధన ముగిసి అందరం టీ తాగుతూ ఉంటే మా దగ్గరకు వచ్చి నిలబడింది.

"అంకుల్, కట్టప్ప ఎందుకు చంపాడో సినిమాలోనే చెప్పేశారు కదా. మరి అమ్మావాళ్ళు దాని కోసం రెండేళ్ళు ఎందుకు ఎదురు చూశారు?"

పెద్దవాళ్ళందరం నవ్వాము. నవ్వు ఆగిన తరువాత చూసుకుంటే ఆ పాపకు సరైన జవాబు మాలో ఎవరి దగ్గరా లేదు. ఆమెకు ప్రశ్న పుట్టిన పూటే జవాబు కూడా దొరికింది. మనకు మాత్రం ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఒక సంవత్సరం తొమ్మిది నెలలు గడిచిపోయాయి. ఆ నిరీక్షణలో ఏమి జరిగింది, జవాబు వచ్చాక మనం ఏమనుకున్నాము అన్నది ఆ పాపకు చెప్పవలసిన సంగతి. మనం కూడా ఒకసారి జ్ఞాపకం చేసుకోవలసిన సంగతే.

సినిమాలు చూడని పాఠకులు కొందరు "సంఘ పత్రికలో ఈ గొడవ ఎందుకు?" అనుకోవచ్చు. వారికి మా మనవి ఒక్కటే. మేము ఉండేది జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతంలో. మాతో కలిసి ఆరాధనకు వచ్చేవారిలో లైట్‌మెన్ ఉన్నారు, దుస్తులు కుట్టేవారు ఉన్నారు, మేకప్ పని చేసేవారు, జనరేటర్ వాన్ నడిపేవారు ఉన్నారు. తెల్లవారుజామున కృష్ణానగర్‌లో కూడలి దగ్గర నిలబడి ఈ రోజు పని దొరుకుతుందా అని ఎదురు చూసేవారూ ఉన్నారు. ఇక్కడ సినిమా గురించి మాట్లాడటమంటే పొరుగువారి బ్రతుకు గురించి మాట్లాడటమే.

ఎదురు చూసిన దినాలు

మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది. కథ వి. విజయేంద్రప్రసాద్ గారిది, దర్శకత్వం ఆయన కుమారుడు ఎస్.ఎస్. రాజమౌళి గారిది. మాహిష్మతి రాజ్యాన్ని రామోజీ ఫిల్మ్ సిటీలో కట్టారు. అయితే ఆ పనిలో చెయ్యి పెట్టినవారిలో చాలామంది ఇళ్ళు మా చుట్టుపక్కలే. భల్లాలదేవుడుగా నటించిన రానా తాతగారైన డి. రామానాయుడు గారి స్టూడియో ఫిలింనగర్ కొండ మీదనే ఉన్నది. మనుమడు సింహాసనం మీద కూర్చున్న ఆ చిత్రం విడుదల కాకముందే, 2015 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు.

మొదటి భాగం చివరలో ఏమి జరిగిందో మీలో చాలామందికి తెలుసు. తన తండ్రి ఎంత గొప్పవాడో విన్న మహేంద్ర బాహుబలి, అంతటివానిని చంపిన ద్రోహి ఎవరని అడుగుతాడు. ముసలి కట్టప్ప తలవంచి, తానేనని చెబుతాడు. అక్కడితో ఆట అయిపోయింది. హాలులో దీపాలు వెలిగాయి. జనం లేవకుండా కాసేపు అలాగే కూర్చుండిపోయారు.

ఆ రోజు నుండి మన రాష్ట్రాలలోనే కాక దేశమంతటా ఒకటే ప్రశ్న. కూరల అంగడిలో అదే, ఆటోలో అదే, పెండ్లి విందులో అదే. పిల్లలు లెక్కల పరీక్షలో తప్పితే "కట్టప్ప ఎందుకు చంపాడో తెలియక చదువు ఎక్కలేదు నాన్నా" అనేవారు. మా వీధిలోనైతే మరొక వేడుక ఉండేది. ఎవరి ఇంట్లోనైనా ఆ చిత్రానికి పనిచేసినవారు ఉన్నారని తెలిస్తే చాలు, చుట్టాలు స్వీట్లు పట్టుకొని వచ్చేవారు. దుస్తుల విభాగంలో పనిచేసే ఒక సహోదరి మాతో అన్నది: "మా ఆడబిడ్డ గుంటూరు నుంచి నా కోసం కాదండీ వచ్చింది, కట్టప్ప కోసం వచ్చింది. నాకేం తెలుసు? నాకిచ్చిన బట్ట కుట్టాను, ఇచ్చాను."

ఇటువంటి నిరీక్షణ తెలుగువారికి కొత్త కాదు. మాలో పెద్దవాళ్ళు చందమామ దినాలు జ్ఞాపకం చేసుకున్నారు. 'పాతాళభైరవి' తీసిన విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 జూలైలో చందమామను ప్రారంభించారు. ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి జానపద ధారావాహికలు వ్రాస్తూ వచ్చారు. ప్రతి నెలా కథ సరిగ్గా ప్రమాదం ముంగిట ఆగిపోయేది. మాంత్రికుడు కత్తి ఎత్తాడు, తరువాయి వచ్చే నెల! ముప్ఫై రోజులు ఆ కత్తి అలాగే గాలిలో ఉండేది. అక్కా తమ్ముళ్ళు డాబా మీద పడుకొని, ఆ కత్తి ఎవరి మీద పడుతుందో తమకు తాము పది రకాలుగా అల్లుకొనేవారు. పుస్తకం వచ్చాక అందులో ఉన్నది పదకొండవ రకం.

ఎదురు చూపులో ఉన్న మేలు అదే. కథ మనలను కూర్చోబెట్టి ఆలోచింపజేస్తుంది. 2015 నుండి 2017 దాకా మన జనం కట్టప్ప గురించి అలాగే ఆలోచించారు. డబ్బు తీసుకున్నాడా? అసూయ పడ్డాడా? అసలు చంపలేదేమో, బాహుబలి బ్రతికే ఉన్నాడేమో! ఎవరికి తోచిన ముగింపు వారు వ్రాసుకున్నారు. ఒకటి మాత్రం అందరూ గట్టిగా నమ్మారు. అంత మంచివాడు అంత చెడ్డ పని చేశాడంటే దాని వెనుక ఏదో మహా రహస్యం ఉండి తీరాలని.

జవాబు వచ్చిన రోజు

2017 ఏప్రిల్ 28న రెండవ భాగం 'ది కంక్లూజన్' విడుదలైంది. రెండు వారాలు గడవక ముందే వసూళ్ళు వెయ్యి కోట్ల రూపాయలు దాటాయి. భారతీయ చిత్రాలలో ఆ అంకెను మొదట దాటినది అదే.

ఇక జవాబు. అందులో మహా రహస్యం ఏమీ లేదు. బిజ్జలదేవుడూ భల్లాలదేవుడూ పన్నిన కుట్రను రాజమాత శివగామి నమ్మింది. బాహుబలి తన అన్న ప్రాణం తీయబోతున్నాడని ఆమె మనసు విరిగింది. కట్టప్పను పిలిచి చంపమన్నది. కట్టప్ప బ్రతిమలాడాడు. నువ్వు చేయకపోతే నేనే చేస్తాను అన్నట్టు రాజమాత నిలబడింది. కట్టప్ప వంశం వారు తరతరాలుగా ఆ సింహాసనానికి బానిసలు. పూర్వికులు ఇచ్చిన మాట అతని మెడకు కట్టిన గొలుసు. మొదటి భాగంలోనే అస్లాంఖాన్ అనే పరదేశపు కత్తుల వర్తకుడు నిన్ను విడిపిస్తానంటే, ఆ మాట కారణంగానే కట్టప్ప వద్దన్నాడు. ఆ సంగతి మనమెవ్వరమూ అప్పుడు పట్టించుకోలేదు. చివరకు తనను కాపాడటానికి వచ్చిన బాహుబలినే వెనుక నుండి పొడిచాడు. చనిపోతూ బాహుబలి తన తల్లిని చూసుకొమ్మని ఆ కట్టప్పకే అప్పగించాడు. అంతా అయిపోయిన తరువాత, తాను ఒక అబద్ధం కొరకు చంపానని కట్టప్పకు తెలిసింది.

మరుసటి ఆదివారం మా టీ బల్ల దగ్గర దీని మీద పెద్ద వాదన జరిగింది. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాము.

కాలేజీ చదివే అబ్బాయి నిరాశ పడ్డాడు. "ఇంతేనా అంకుల్? ఆమె చంపమంది, ఈయన చంపాడు. దీని కోసమా ఇన్నాళ్ళు? నేను అనుకున్న ముగింపే దీనికంటే బాగుంది."

రిటైరైన టీచరమ్మ గారు ఒప్పుకోలేదు. "ఇంతే కాబట్టే భయంగా ఉంది బాబూ. డబ్బుకో పగకో చంపి ఉంటే నేను ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయేదాన్ని. నేను అటువంటిదాన్ని కాదు కదా అనుకొని. పెద్దవాళ్ళు చెప్పారని చేయడం నేను ఎన్నిసార్లు చేయలేదు?"

దుస్తులు కుట్టే సహోదరి మరొక మాట అన్నది. ఆమె భర్త లైట్‌మన్. "మీరందరూ కుర్చీల్లో కూర్చొని కట్టప్ప చేయకూడదు అంటున్నారు. ఆయన బానిస అండీ. మా ఆయన సెట్టు మీద ఒక మాట ఎదురు చెబితే మరుసటి రోజు కాల్‌షీట్ ఉండదు. రెండు రోజులు పని లేకపోతే బియ్యం ఎవరిస్తారు? ఎదురు చెప్పడానికి కూడా కాస్త స్తోమత ఉండాలి."

ఆమె మాటకు ఎవరమూ వెంటనే బదులు చెప్పలేదు. అందులో నిజం ఉన్నది. ఆజ్ఞకు ఎదురు నిలబడటం అందరికీ ఒకే వెలకు దొరకదు. పేదవానికి దాని వెల ఎక్కువ. సినిమాలోనైనా, ఇంటిలోనైనా తీర్పు తీర్చేటప్పుడు మనం దీనిని మరువకూడదు.

లోకమంతటా ఇదే వరస

ఎంతో ప్రేమించిన కథ ముగిసినప్పుడు పాఠకులు ఇలా వాదులాడుకోవడం లోకమంతటా ఉన్నది. జె.కె. రౌలింగ్ గారు వ్రాసిన హారీపాటర్ నవలల్లో ఏడవదీ చివరిదీ 2007 జూలై 21న వెలువడింది. మొదటి పుస్తకం 1997లో వచ్చింది. అంటే పదేండ్ల నిరీక్షణ. లండన్‌లో అర్ధరాత్రి దాటగానే అమ్మకం మొదలైతే, మన దేశంలో పుస్తకాల షాపుల ముందు తెల్లవారగానే పిల్లలు వరుస కట్టారు. ముగింపులో పందొమ్మిది సంవత్సరాల తరువాతి సంగతి చెప్పే చిన్న అధ్యాయం ఒకటి ఉన్నది. అది హాయిగా ఉందని కొందరు, అది లేకపోతేనే బాగుండేదని కొందరు ఈనాటికీ వాదిస్తారు. మంత్రాల కథలని ఆ పుస్తకాలను ఇంటిలోనికి రానివ్వని క్రైస్తవ కుటుంబాలు కూడా ఎన్నో ఉన్నాయి. ఆ చివరి పుస్తకంలోనే కథానాయకుని తల్లిదండ్రుల సమాధి మీద, మరొక సమాధి మీద రచయిత్రి బైబిలు వాక్యాలు పెట్టారు. ఒకటి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలోనిది, మరొకటి మత్తయి సువార్త 6వ అధ్యాయంలోనిది. ముగింపు చదవక ముందే పుస్తకం గురించి గట్టిగా తీర్పు చెప్పినవారికి, అనుకూలంగా చెప్పినా ప్రతికూలంగా చెప్పినా, అది ఆశ్చర్యమే కలిగించింది.

ఇంకా వెనుకకు వెళితే సి.ఎస్. లూయిస్ గారి నార్నియా కథలు. ఏడు పుస్తకాలు, 1950 నుండి 1956 వరకు సంవత్సరానికి ఒకటి చొప్పున వచ్చాయి. చివరి పుస్తకంలో పాత్రలందరూ కలుసుకునే చోట సూసన్ అనే అమ్మాయి మాత్రం ఉండదు. చదివిన పిల్లలకు ఇది పెద్ద బాధ అయింది. ఆమెను ఎందుకు వదిలేశారని రచయితకు ఉత్తరాలు వ్రాశారు. ఆయన పిల్లలకు ఓపికగా జవాబులు వ్రాసేవారు. సూసన్ ఇంకా బ్రతికే ఉన్నదనీ, ఆమె మారడానికి ఇంకా ఎంతో సమయం ఉన్నదనీ ఒక బాలునికి తెలియజేశారు.

మాకు ఆ జవాబు నచ్చింది. పుస్తకం ముగిసినా మనిషి కథ ముగియలేదని ఆయన పిల్లలకు చెప్పారు. కట్టప్ప విషయంలో కూడా ఈ మాట జ్ఞాపకం పెట్టుకోవాలి. ఎందుకంటే, బాహుబలిని చంపిన తరువాత కట్టప్ప చేసినది కూడా కథలోనే ఉన్నది. తాను చేసినది దాచిపెట్టలేదు. కుట్ర సంగతి రాజమాతకు చెప్పాడు. ఇరవై అయిదేండ్ల తరువాత, చనిపోయినవాని కుమారుని ఎదుట నిలబడి, నేనే చంపాను అన్నాడు. మనం ప్రశ్నగా మాత్రమే విన్న ఆ మాట నిజానికి ఒక ఒప్పుకోలు.

మేనేజరు గారి మాట

ఆ 2017 ఆదివారం టీ బల్ల దగ్గర ఒక పెద్దాయన కూడా ఉన్నారు. చాలా సంవత్సరాలు ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి రిటైరయ్యారు. వాదన జరిగినంతసేపూ ఆయన నోరు విప్పలేదు. అందరూ లేచాక మమ్మల్ని పక్కకు పిలిచారు. పేరు, సంస్థ వివరాలు వ్రాయకూడదన్న మాట మీద ఆ సంగతి మీకు చెబుతున్నాము.

ముప్ఫై సంవత్సరాల క్రిందట ఒక షూటింగులో డబ్బు సంచి పోయింది. కూలీలకు పంచవలసిన బత్తా డబ్బు. తీసినది ఎవరో మేనేజరు గారికి తెలుసు. పై వారి బంధువు. ఆయనే తీశాడని చెప్పడానికి వెళితే, పై వారు తలుపు వేసి, టీలు అందించే ప్రొడక్షన్ బాయ్ మీద పెట్టి పంపించేయమన్నారు. "నీవల్ల కాకపోతే చెప్పు, ఆ పని చేయడానికి మనుషులు ఉన్నారు" అన్నారు.

"నేను కాకపోతే మరొకడు చేస్తాడు, అబ్బాయి ఉద్యోగం ఎట్లాగూ పోతుంది, నాది కూడా ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నానండీ" అన్నారు మేనేజరు గారు. "వాళ్ళ ఉప్పు తిన్నాను, విశ్వాసం చూపించాలి అని కూడా అనుకున్నాను. అబ్బాయిని నలుగురిలో నిలబెట్టి దొంగ అన్నాను. వాడు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ తరువాత ఈ లైనులో వాడికి పని దొరకలేదు. నిన్న సినిమాలో రాజమాత ఆ మాట అనగానే నేను తల దించుకున్నాను. మా మనవడు పక్కన కూర్చొని 'తాతయ్యా, కట్టప్ప చెడ్డోడా?' అని అడుగుతున్నాడు."

మేము ఆయనకు పెద్దగా సలహా ఏమీ చెప్పలేదు. చెప్పగల వయసు కూడా మాది కాదు. ఆయనే వెదికారు. రెండు నెలలు పట్టింది. పాత డ్రైవర్లను అడిగి, వారు చెప్పినవారిని అడిగి, చివరికి నగరం అవతలి పక్క టిఫిన్ బండి నడుపుకుంటున్నాడని తెలుసుకున్నారు. అప్పటి అబ్బాయికి ఇప్పుడు సగం జుట్టు నెరిసింది.

మేనేజరు గారు తన పేరు చెప్పి, ఆ రోజు సంచి తీసినది నువ్వు కాదని నాకు తెలుసు అన్నారు. అతను గరిటె పక్కన పెట్టి, "మీకు తెలుసని నాకు ఆ రోజే తెలుసు సార్. మీ మొహం చూశాను కదా. దొంగ అన్నందుకు కాదు, తెలిసి అన్నందుకు ఏడ్చాను. మా అమ్మ చనిపోయేదాకా ఒక్క మాట అడుగుతూనే ఉంది, నిజంగా తీయలేదు కదరా అని" అన్నాడు.

ఆ మాటకు మేనేజరు గారి దగ్గర బదులు లేదు. కొంత డబ్బు తీసుకువెళ్ళారు గాని జేబులోనే ఉంచుకున్నారు. ఇవ్వడానికి సిగ్గు వేసిందట. అతను ఒక ప్లేటులో ఇడ్లీ పెట్టి ఇచ్చాడు. తిన్నాక దాని డబ్బులు మాత్రం లెక్క ప్రకారం తీసుకున్నాడు. మళ్ళీ రమ్మనలేదు, రావద్దని కూడా అనలేదు. మేనేజరు గారు తరువాత కూడా చాలాసార్లు వెళ్ళి వచ్చారు. రెండవసారి వెళ్ళినప్పుడు, బండి దగ్గర ఉన్న అతని కొడుకు వినేటట్టుగా ఆ సంగతి మరలా చెప్పారు. "వాడి అమ్మకు చెప్పలేకపోయాను, కొడుకుకైనా చెప్పాను" అన్నారు మాతో.

క్షమించాడా అని మేము అడిగితే, "అది అతను చెప్పాలి, నేను అడగకూడదు" అన్నారు. మేము మరి అడగలేదు.

ఉప్పు తిన్న విశ్వాసం ఎంతవరకు?

మన ఇళ్ళలో విధేయత గొప్ప గుణమని పిల్లలకు నేర్పుతాము. తల్లిదండ్రుల మాట వినాలి, యజమానునికి నమ్మకంగా ఉండాలి. ఇది మంచిదే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవానిని ఎవరు మెచ్చుకుంటారు? అయితే విధేయతకు ఒక గట్టు ఉన్నదని కూడా మనం చేతపట్టుకొన్న గ్రంథమే నేర్పుతున్నది.

నిర్గమకాండము మొదటి అధ్యాయం చూడండి. మగబిడ్డలను పురిటిలోనే చంపమని రాజు షిఫ్రా, పూయా అనే మంత్రసానులకు ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్ళు చేయలేదు. వారికి సైన్యం లేదు, స్తోమత లేదు. దుస్తులు కుట్టే మన సహోదరి వంటి పనివారు. రాజు పేరైనా ఆ అధ్యాయంలో లేదు గాని ఈ ఇద్దరి పేర్లు ఉన్నాయి.

సమూయేలు మొదటి గ్రంథం 22వ అధ్యాయంలో సౌలు నోబు యాజకులను చంపమని తన భటులకు చెబితే భటులు చెయ్యి ఎత్తలేదు. అప్పుడు దోయేగు ముందుకు వచ్చి ఎనభై అయిదుగురిని చంపాడు. "నేను కాకపోతే మరొకడు చేస్తాడు" అనే మాట అక్కడ అక్షరాలా నిజమైంది. అయినా ఆ భటులు చేయకపోవడం వ్యర్థమని మనం అనుకోము. యాజకులు చనిపోయారు గాని ఆ రక్తం భటుల చేతులకు అంటలేదు.

దీనికి ఎదురుగా యోవాబు ఉన్నాడు. రెండవ గ్రంథం 11వ అధ్యాయంలో, ఊరియాను యుద్ధంలో ముందు నిలిపి వదిలేయమని దావీదు వ్రాసిన ఉత్తరం అందింది. యోవాబు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కట్టప్ప బ్రతిమలాడినాడు, యోవాబు అది కూడా చేయలేదు. ఆజ్ఞ ఇచ్చినవాని పాపం పెద్దదే. అయితే ఆజ్ఞ ఇచ్చినవాడు ఒకడు ఉన్నాడు గదా అని మోసుకెళ్ళినవాని చేయి శుభ్రం కాదు.

ఇక ఆ పాపకు ఏమి చెప్పాలి? మేము ఆలోచించి ఇలా చెప్పాము. "అమ్మా, కట్టప్ప ఎందుకు చంపాడో నీకు మూడున్నర గంటల్లో తెలిసింది. మాకు రెండేళ్ళకు తెలిసింది. తేడా ఏమీ లేదు. చంపమన్నారు కాబట్టి చంపాడు. అయితే చంపకుండా ఉండగలిగేవాడా అన్నది సినిమాలో చెప్పలేదు. దాని కోసం మేము ఇంకా ఎదురు చూస్తున్నాము."

పాప కాసేపు ఆలోచించింది. "బాహుబలికి వెళ్ళి ముందే చెప్పేస్తే సరిపోయేది కదా అంకుల్" అన్నది.

అంత సులువైన దారి మా పెద్దవాళ్ళలో ఎవరికీ 2017లో తోచలేదు! చంపాలా, ఎదిరించాలా అని వాదించామే గాని, వెళ్ళి నిజం చెప్పడం అనే మూడవ దారి ఉన్నదని అనుకోలేదు. మేనేజరు గారు ఆ పక్కనే కూర్చొని ఉన్నారు. టీ కప్పు క్రింద పెట్టి, "నిజమేనమ్మా, ముందే చెప్పాలి" అన్నారు.

పాఠకులారా, ఈ నెల రాత్రి భోజనాల తరువాత మీ ఇంటిలో ఈ రెండు ప్రశ్నలు పిల్లలతో కలిసి మాట్లాడుకోండి. మనం గౌరవించేవారు తప్పు చేయమంటే ఆ మాట కాదనడం ఎలా, గౌరవం చెడకుండా? ఎప్పుడో ఎవరి మాట మీదనో మనం గాయపరచినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? మొదటి ప్రశ్నకు పిల్లలు మనకంటే మంచి జవాబులు చెప్పవచ్చు. రెండవ ప్రశ్న పెద్దవాళ్ళది. దానికి జవాబు తెలిసినవారు చిరునామా వెదకడం రేపే మొదలుపెట్టండి, రెండేళ్ళు ఆగవద్దు.

మీ ఇంటి జవాబులు మాకు వ్రాసి పంపండి. వచ్చే నెల మరల కలుసుకుందాము.